ఓపిక సబ్జెక్టు, నాలుగు క్రెడిట్లు

నేను ఉద్యోగంలో ఉండగా జనం నన్ను తిట్టని తిట్టు లేదు. చింతలగుడిపాడు తహసీల్దారు కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. "కొండ మీద పానకాలస్వామి నయం, సగం తాగి సగమైనా వదులుతాడు. మన పానకాలరావు నోట్లో కాగితం పడిందంటే ఆ సగమూ రాదు" అని ఊరంతా చెప్పుకునేవాళ్లు. రిటైరైన రోజు నాకు శాలువా కప్పిన రైతు కూడా కప్పుతూ కప్పుతూ చెవిలో "అయ్యా, మా పాసుపుస్తకం..." అన్నాడు. అలాంటి నన్ను ప్రభుత్వమే వెతుక్కుంటూ వచ్చి విద్యావేత్తను చేసింది. ఎలా చేసిందో చెబుతాను. తొందరపడకండి, తొందరపడే వాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు.

రాజధానిలో ఒక పెద్ద అధికారి ఇంటికి పది నిమిషాల్లో రావలసిన పిజ్జా పద్నాలుగు నిమిషాలకు వచ్చిందట. ఆయన పుత్రరత్నం డిగ్రీ రెండో సంవత్సరం. మిగిలిన ఆ నాలుగు నిమిషాలూ ఏం చేయాలో తోచక సోఫా దిండు చించి దూదంతా హాల్లో పరిచాడట. మామూలు తండ్రయితే వీపు మీద ఒకటిచ్చి ఊరుకునేవాడు. ఈయన అధికారి కాబట్టి కమిటీ వేశాడు.

కమిటీ ఆరు నెలలు పరిశోధించింది. "నేటి యువత స్విచ్చి నొక్కగానే వెలుగును, వేలు కదపగానే భోజనమును, అడగకమునుపే ఫీజును పొందుచున్నందున నిరీక్షణా సామర్థ్యమును పూర్తిగా కోల్పోయినది" అని మూడువందల పేజీల్లో తేల్చింది. ఆ వెంటనే ఉత్తర్వు వచ్చింది. ప్రతి డిగ్రీ విద్యార్థీ అరవై గంటలు వరుసలో నిలబడి, దేనికోసమూ కాకుండా, వేచియుండవలెను. నాలుగు క్రెడిట్లు. తప్పినచో మార్కుల జాబితా ఇవ్వబడదు. దేనికోసమూ కాకుండా ఎందుకయ్యా అంటే, దానికీ అడుగున వివరణ ఉంది. వరుస చివర ఏదైనా దొరికినచో అది నిరీక్షణ కాదు, బేరము.

మండలానికొక నిరీక్షణ విద్యా కేంద్రం పెట్టమన్నారు. మరి జనాన్ని నిలబెట్టడం వచ్చిన మాస్టర్లు ఎక్కడ దొరుకుతారు? యూనివర్సిటీల్లో వెతికారు, దొరకలేదు. చివరికి ఎవరో పుణ్యాత్ముడు రెవెన్యూ శాఖ పేరు చెప్పాడు.

ఇంటర్వ్యూకి పదింటికి రమ్మని, రెండింటికి లోపలికి పిలిచారు. అందాకా బెంచీ మీద కదలకుండా కూర్చున్నాను. లోపల నిరీక్షణ విద్యా మిషన్ డైరెక్టరు సదానందం గారు, ఇంకో ఇద్దరు ఉన్నారు.

"మీ అనుభవం గురించి చెప్పండి" అన్నారు డైరెక్టరు.

నేను కళ్లజోడు తీశాను. తుడిచాను. సంచీలో ఏదో వెతికాను. "ఒక్క నిమిషం సార్" అని బయటికి వెళ్లి, టీ తాగి, పేపరు చదువుకుని, నలభై నిమిషాల తర్వాత వచ్చాను. ముగ్గురూ చేతులు కట్టుకుని అలాగే కూర్చుని ఉన్నారు. డైరెక్టరుగారు లేచి నాకు చెయ్యిచ్చారు. "ఇది అనుభవాత్మక బోధన! మీవంటి మానవ వనరును ఇన్నాళ్లూ ఈ రాష్ట్రం వృథా చేసుకుంది" అన్నారు. నా కళ్లు చెమర్చాయంటే నమ్మండి. ముప్పై నాలుగేళ్లలో నా పనిని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే.

వాస్తవిక వాతావరణం ఉండాలని కేంద్రాన్ని మా తహసీల్దారు ఆఫీసులోనే పెట్టారు. అంతవరకు ఆదాయ, కుల ధ్రువపత్రాలు తీసుకునే మూడో నంబరు కౌంటరును నాకు ఇచ్చారు. బోర్డు మార్చవద్దన్నారు, మారిస్తే వాస్తవికత పోతుందట. అసలు ధ్రువపత్రాల పని ఎనిమిదో నంబరు కౌంటరుకు మార్చారు. మా ఆఫీసులో కౌంటర్లు అయిదే. "ఎనిమిదో నంబరు త్వరలో" అని ఒక చీటీ మాత్రం గోడకు అతికించారు.

సిలబస్ నేనే రాశాను. ఒకటో యూనిట్, సర్వర్ పనిచేయడం లేదు. రెండు, జెరాక్సు వెనకవైపు కూడా కావాలి. మూడు, సారు క్యాంపుకెళ్లారు. నాలుగు, ఇది మా సెక్షన్ కాదు. అయిదోది భోజన విరామం. అది పాఠం కాదనీ, నిజంగా నా భోజనమేననీ పిల్లలకు కోర్సు పూర్తయ్యేదాకా చెప్పలేదు. ఒక్కొక్క విద్యార్థికీ రాజధానినుంచి అచ్చువేసిన నమూనా దరఖాస్తు, దానితోపాటు ఒక కల్పిత అత్యవసరమూ ఇచ్చేవాళ్లు. తాతగారికి ఆపరేషనని ఒకడికి, ఎల్లుండి పెళ్లని ఇంకొకడికి. అవి చెప్పి బతిమాలాలి. నేను తల ఎత్తకూడదు. తల ఎత్తకపోవడం నాకు నేర్పాలా!

మొదటి రోజు వరుసలో ముందున్నవాడు హవీష్. మా ఊళ్లో రెండు కోల్డ్ స్టోరేజీలున్న ఆసామి కొడుకు. పాపం, పిల్లాడు మంచివాడే. అయిదు నిమిషాలు నిలబడి కౌంటరంతా తడిమి చూశాడు.

"అంకుల్, స్కిప్ ఎక్కడుంది?"

"ఏం స్కిప్పు?"

"అదే అంకుల్, ఇదంతా దాటేసి ముందుకెళ్లేది."

"ముందుకెళ్తే గోడ ఉంది నాయనా. నిలబడు."

వాడి వెనకే వాళ్లమ్మ రజని గారు మడత కుర్చీ, గొడుగు, కొబ్బరినీళ్లు మోయించుకుని వచ్చింది. "వాడికి నిలబడ్డం అలవాటు లేదండీ. పళ్లు తోముకునేది కూడా కూర్చునే తోముకుంటాడు. కాస్త ఆ కుర్చీలో కూర్చుని నిలబడతాడు, ఏమనుకోకండి" అంది. కూర్చుని నిలబడటం ఎలాగో నాకు అర్థం కాలేదు. మర్నాటికి తల్లిదండ్రుల సంఘం డైరెక్టరుగారికి వినతిపత్రం ఇచ్చింది, ఆయనకు మాత్రం వెంటనే అర్థమైంది.

వారం తిరిగేసరికి వరుసకు ఏసీ వచ్చింది. కాళ్ల కింద మెత్తటి పట్టా వచ్చింది. తర్వాత వరుసలో నిలబడటానికి స్లాట్ బుకింగు వచ్చింది, ఎవరూ వేచి ఉండే అవసరం లేకుండా వచ్చి వేచి ఉండవచ్చునన్నమాట. ఆ తర్వాత తత్కాల్ నిరీక్షణ. ప్రత్యేక రుసుము కడితే అరవై గంటల ఓపికను ఆరు గంటల్లో పూర్తి చేసుకోవచ్చు. బస్టాండు ఎదురుగా కోచింగు సెంటరు లేచింది. "నిలబడుటలో స్టేట్ ఫస్ట్ మాదే" అని ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫ్లెక్సీ మీద పిల్లలందరూ కూర్చుని ఉన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నా కాలంలో జనం నడినెత్తిన ఎండ పెట్టుకుని, కాళ్లు వాచి, నన్నూ నా ఏడుతరాలనూ తిడుతూ నిలబడేవాళ్లు. అదీ నిలబడటమంటే! ఈ పిల్లలు నన్ను తిట్టనైనా తిట్టరే. "అంకుల్ సూపర్, సర్వర్ డౌన్ భలే చేశారు" అని సెల్ఫీ దిగి పోతారు. తిట్టు తినకుండా ఆ కుర్చీలో కూర్చోవడం నాకు ఉప్పులేని పప్పులా ఉండేది.

ఆ స్థితిలో ఒక మంగళవారం దారా సువార్త వచ్చింది.

పద్దెనిమిదేళ్ల పిల్ల. భుజానికి గుడ్డసంచీ. వరుసలో చివర నిలబడి, తన వంతు వచ్చాకే కాగితం లోపలికి పెట్టింది.

"సార్, ఇన్‌కం సర్టిఫికెట్. వీఆర్వో గారు, ఆర్ఐ గారు రాసేశారు. కింద సర్టిఫికెట్ మీద ఎమ్మార్వో గారి సంతకం ఒక్కటే మిగిలింది. నాకు నర్సింగు సీటొచ్చింది సార్. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోపు పాలిటెక్నిక్ కాలేజీలో ఇది ఇస్తేనే ఫీజు మాఫీ అంట. లేకపోతే సీటు వేరేవాళ్లకి ఇచ్చేస్తారంట."

ఎంత సహజంగా చెప్పింది! తాత ఆపరేషను చెప్పేటప్పుడు హవీష్ నవ్వేవాడు. ఈ పిల్ల కళ్లలో నీళ్లు కూడా తెప్పించుకుంది. ఏ కోచింగు సెంటరో గాని గట్టిదే అనుకున్నాను.

"సర్వర్ పనిచేయడం లేదు" అన్నాను, తల ఎత్తకుండా.

"సరే సార్. ఉంటాను" అంది.

ఉంది. పట్టా మీద కాదు, పక్కన గచ్చు మీద. సాయంత్రం అయిదున్నరకు నేను తాళం వేసేదాకా ఉంది. నీళ్లు కూడా అడగలేదు. రిజిస్టరులో పేరు రాసి ఏ ప్లస్ వేశాను. బుధవారం జెరాక్సు వెనకవైపు కావాలన్నాను. పరిగెత్తి తెచ్చింది. సారు క్యాంపుకెళ్లారన్నాను. "ఎప్పుడొస్తారు సార్?" అని ఒక్కసారే అడిగి మళ్లీ నిలబడింది. ఆ సాయంత్రం డైరెక్టరుగారికి ఉత్తరం రాసి ఫోనులో పంపాను. జిల్లాలోని ఇరువది ఆరు మండలములలో ఇటువంటి విద్యార్థిని లేదు, ఈమెకు ఏసీ వలదు, కుర్చీ వలదు, ఆశ మాత్రము చాలును అని. రాత్రికల్లా జవాబు వచ్చింది. రాష్ట్ర ప్రథమ బహుమతి, బంగారు పతకం సువార్తకే, శుక్రవారం మా ఊళ్లో ఓపిక పత్రాలు పంచే సభకు వచ్చి తానే స్వయంగా ఇస్తానని.

గురువారం ఉదయం ఆ దరఖాస్తును మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. తుమ్ము వచ్చింది. ఇంకోటి వచ్చింది. ఆగకుండా ఏడు తుమ్మాను, కళ్లు మండాయి. నమూనా దరఖాస్తులు రాజధాని సిరా వాసన వేస్తాయి. ఈ కాగితం మడతల్లో ఎర్రటి పొడి ఉంది.

"ఏమిటమ్మా ఇది? మిరపకాయ ఘాటు!"

"మా అమ్మ చేతిదయ్యుంటది సార్. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీసుద్ది. రాత్రి కాగితం చూస్తానంటే ఇచ్చా."

"నీ హాల్ టికెట్ నంబరెంత?"

"ఎంట్రన్స్‌దా సార్?"

"కాదు, ఓపిక సబ్జెక్టుది."

"అదేం సబ్జెక్టు సార్?" అంది.

 మూడు రోజులు. నిజం కాగితం పట్టుకుని నిజంగా వచ్చిన పిల్లను మూడు రోజులు నిలబెట్టి, పైగా మార్కులు వేశాను. సిగ్గేసింది. ఆ మాట ఈ వయసులో చెప్పుకోడానికి ఇంకా సిగ్గేస్తోంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలా ఎంతమంది చేతిలోంచి ఎన్ని శుక్రవారాలు పోయాయో అని కూడా అనిపించింది. లెక్కపెట్టే ధైర్యం లేక కాగితం తీసుకుని లేచాను.

సెక్షన్లో మస్తాన్‌వలి ఉన్నాడు. నా కిందే గుమాస్తాగా చేరి నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. సంగతి చెప్పాను. వాడు కాగితం ముట్టుకోలేదు.

"గురువుగారూ, ఇది మీ కౌంటర్లో తీసుకున్నది. అంటే శిక్షణ కాగితం. దీన్ని అసలు ఫైల్లో పెడితే రేపు ఆడిట్‌లో నా మెడకు చుట్టుకుంటది. ఎనిమిదో నంబరు కౌంటరు ద్వారా రమ్మనండి."

"ఎనిమిదో నంబరు ఎక్కడుందిరా?"

"త్వరలో."

"నా దగ్గర పని నేర్చుకుని నాకే చెబుతావట్రా?"

"మీ దగ్గర నేర్చుకోబట్టే గదండీ" అన్నాడు, ఎంతో వినయంగా.

తహసీల్దారు కోదండపాణి గారి గదిలోకి వెళ్లాను. ఆయన అద్దం ముందు నిలబడి రేపటి సభకు ఉపన్యాసం వల్లిస్తున్నారు. "ఓర్పు అనునది జాతి వెన్నెముక... ఆఁ, చెప్పండి పానకాలరావుగారూ. సంతకమా? రేపు సభ పెట్టుకుని సంతకాలేమిటండీ, సోమవారం చూద్దాం. వెన్నెముక తర్వాత ఏమిటి, పక్కటెముకా?" అన్నారు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కాగితాన్ని ఆపడానికి నాకు నూట పదహారు దారులు తెలుసు. కదిలించే దారి ఒక్కటీ తెలియదు. నేర్చుకునే అవసరమే రాలేదు. సువార్త వచ్చి ఎదురుగా నిలబడింది. "రేపు నాలుగింటికైనా అయిద్దా సార్?" అంది. "రేపు కళ్యాణ మండపంలో సభ ఉంది, మొదటి వరుసలో కూర్చో, ఏమైనా సరే లేవకు" అన్నాను.

రాత్రంతా ఆలోచిస్తే తెల్లవారుజామున ఒకటి తట్టింది. పదకొండో సంతకం తర్వాత ఏ అధికారీ చదవడు. ఇది నా ముప్పై నాలుగేళ్ల అనుభవం. పదకొండు దాకా కాస్త చూపు ఉంటుంది. ఆపైన గుమాస్తా వేలు ఎక్కడుంటే పెన్ను అక్కడ పడుతుంది.

శుక్రవారం సభ మూడింటికి. డైరెక్టరుగారు నాలుగుంబావుకు వచ్చారు. పిల్లలు మెచ్చుకోదగ్గంత ఓపికగా కూర్చున్నారు. ఏసీ ఉంది కదా. ఓపిక పత్రాలు నలభై, అన్నిటి మీదా తహసీల్దారు సంతకం కావాలి, ఒక్కదాని మీదా లేదు. వేదిక మీదే దొంతర ఆయన ముందు పెట్టి ఒక్కొక్కటే తిప్పుతూ వేలు చూపించాను. సువార్త ఆదాయ ధ్రువపత్రం పద్నాలుగోది.  ఆయన డైరెక్టరుగారితో పక్కటెముకల గురించి మాట్లాడుతూనే గీకేశారు. అప్పటికప్పుడు దాని మీద ముద్ర కొట్టేశాను.

మెల్లగా లాగి పిల్ల చేతిలో పెడదామనుకున్నాను. ఈలోగా డైరెక్టరుగారి పీఏ "టాపర్‌ది పైకి తీయండి" అంటూ దొంతర లాక్కున్నాడు. సువార్తకు హాల్ టికెట్ లేదు కాబట్టి ఓపిక పత్రం అచ్చు కాలేదు. పతకం మాత్రం వచ్చింది. ఆమె పేరుతో దొంతరలో ఉన్న కాగితం ఒక్కటే, దాన్నే తీసి డైరెక్టరుగారి చేతిలో పెట్టాడు. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది.

డైరెక్టరుగారు సువార్తను వేదిక మీదికి పిలిచి, మెడలో పతకం వేసి, మైకు ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నారు.

"ఇందుమూలముగా ధ్రువపరచడమేమనగా, కుమారి దారా సువార్త, తండ్రి కీర్తిశేషులు దారా ఇశ్రాయేలు... కుటుంబ వార్షికాదాయము అరువది రెండు వేల రూపాయలు మాత్రమే!"

సభ మొత్తం చప్పట్లు కొట్టింది. తహసీల్దారుగారు నావైపు గుడ్లురిమి చూశారు, తర్వాత తానూ కొట్టారు, సంతకం తనదే మరి. సువార్త ఒక్క క్షణం కాగితం వంక చూసింది. సంతకం చూసింది. ముద్ర చూసింది. దాన్ని డైరెక్టరుగారి చేతిలోంచి లాక్కుని, మెట్లు కూడా దిగకుండా వేదిక మీదినుంచి దూకింది. పతకం తెగి కిందపడింది. కుర్చీల మధ్యనుంచి పరుగు.

"ఆగమ్మా! ఆగు! ఇంకా వందన సమర్పణ కాలేదు!" అని డైరెక్టరుగారు మైకులోనే అరిచారు.

హవీష్ నా దగ్గరికి వచ్చాడు. "అంకుల్, ఆ అమ్మాయి ఎందుకలా పరిగెడుతోంది?"

"అయిదింటికి పాలిటెక్నిక్ గేటు మూసేస్తారురా. ఆ కాగితం ఇవ్వకపోతే దాని సీటు పోతుంది. రెండు కిలోమీటర్లు."

"నిజంగానా? మనకిచ్చినట్టు కల్పితం కాదా?"

"నిజంగా."

వాడి మొహం నేనెప్పుడూ చూడని రకంగా మారింది. వీడికి ఓపిక లేదని కదా ఇంత కమిటీ, ఇంత ఉత్తర్వు! పిచ్చి వెధవకి లేనిది ఓపిక కాదు. పుట్టి పంతొమ్మిదేళ్లయినా తొందరపడాల్సిన పని ఒక్కటీ తగల్లేదు. "నా బండుంది అంకుల్" అని కుర్చీల మీదుగా దూకి పరిగెత్తాడు. వెనకనుంచి రజని గారు "బాబూ, ఎండ! టోపీ!" అని కేకలు వేస్తూనే ఉంది. మిగిలిన ముప్పై తొమ్మిది మందీ కదల్లేదు, పూర్తి శిక్షణ పొందినవాళ్లు.

డైరెక్టరుగారు నీళ్లు తాగి కూర్చున్నారు. పతకం వెనక్కి తీసుకోబడిందని ప్రకటించారు. "రిజిస్టరు తెరవండి. ఇద్దరికీ నిరీక్షణా సామర్థ్యము శూన్యమని రాయండి" అన్నారు. రాశాను. ఇంత గుండ్రటి అక్షరాలు నేను ఎప్పుడూ రాసి ఉండను.

"రాష్ట్రంలోనే మొదటి విద్యార్థిని సభలోంచి పారిపోవడమా! మీ శిక్షణలో లోపం ఎక్కడుందో పని దినములు మూడింటిలోగా సంజాయిషీ సమర్పించండి."

జేబులో ఫోను మోగింది. హవీష్. రొప్పుతున్నాడు. "అంకుల్! తీసుకున్నారు! గేటు వేస్తుంటే కాలు అడ్డం పెట్టాను. రసీదు కూడా ఇచ్చారు. ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. నాకు ఎందుకో తెలీట్లేదు అంకుల్, భలే ఉంది."

ఫోను జేబులో పెట్టుకుని తెల్లకాగితం తీశాను.

"మూడు రోజులుంది పానకాలరావుగారూ. సోమవారం తీరిగ్గా ఇవ్వండి" అన్నారు డైరెక్టరుగారు.

"వద్దు సార్. కూర్చోండి, ఇప్పుడే అయిపోతుంది" అని నిలబడే రాశాను.

"అయ్యా, సదరు విద్యార్థిని పరుగెత్తుటకు శిక్షణలోని లోపము కారణము కాదు. ఆమెకు పని యున్నది."

సంతకం పెట్టాను. తేదీ వేశాను. దాని పక్కన టైము కూడా వేసి, కాగితం ఆయన చేతిలో పెట్టాను. సాయంత్రం నాలుగూ యాభై ఎనిమిది.